జైనూరు సీమ: చరిత్రయు, శీతోష్ణస్థితియు



ఎడారి యన నేమియని పాఠశాలలో పిల్లల నడిగినచో నూటికి తొంబదిమంది "మిక్కిలి వేడిగా నుండు చోటు" అని యుత్తరము చెప్పుదురు. ముప్పది యేండ్లకు పైగా భూగోళమును, చరిత్రమును బోధించినవాడను గనుక ఈ యుత్తరము నాకు కొట్టినపిండి. అది సగము మాత్రమే సత్యము. ఎడారికి లక్షణము వేడి గాదు, నీటి లేమి. వేసవి పగళ్లు కొలిమివలె మండు ఆ దేశమునందే మాఘమాసపు రాత్రి నెగడు లేక మనుష్యుడు నిలువజాలడు. ఒకే భూమికి ఇన్ని ముఖము లెట్లు కలిగెనో తెలిసికొన్నచో మన జైనూరు సీమను గూర్చియు తెలియగలదు. ఏలయనగా మన సీమయు వేసవిని మండునదే, చలికాలమున గడ్డకట్టించునదే. ఆ కారణముచేత నేటి ప్రసంగమున దూరముగా నున్న ఒక ఎడారి పట్టణమును మొదట పలుకరించి, పిదప మన యింటికి మరలివత్తము.

రాజస్థానమున థార్ ఎడారి నడుమ జైసల్మేరు అను చిన్న పట్టణము కలదు. భట్టి వంశపు రాజపుత్రుడగు రావల్ జైసలుడు 1156వ సంవత్సరమున త్రికూటమను గుట్టపై కోట కట్టించి దానికి తన పేరు పెట్టెను. అచ్చటి రాయి పసుపు వన్నె గలది. సాయంకాలపు టెండలో ఆ కోట బంగారువలె మెరయును గనుక సువర్ణదుర్గమని ప్రసిద్ధి వచ్చెను. సింధుదేశమునకు, పశ్చిమాసియాకు పోవు ఒంటెల బిడారులు ఆ త్రోవనే నడచుటచే వర్తకులు ధనవంతులైరి, జైనాలయములు, చెక్కడపు మేడలు లేచినవి. బొంబాయి రేవు వృద్ధి చెంది సరకు ఓడల కెక్కిన పిదప ఆ పట్టణము క్షీణించెను. 1947లో దేశవిభజన జరిగి సరిహద్దు గీత పడుటతో పాత త్రోవ పూర్తిగా మూతపడెను.

ఆ పట్టణమున సంవత్సరమునకు కురియు వాన సుమారు 200 మిల్లీమీటర్లు మాత్రమే. అట్టిచోట ఎనిమిది వందల యేండ్లకు పైగా మనుష్యు లెట్లు బ్రదికిరి? పదునాలుగవ శతాబ్దిలో గడ్సీ యను రాజు పేర గడీసర్ చెరువు వెలసెను. తరతరములుగా ఊరి త్రాగునీటికి అదియే ఆధారము. పరిసర గ్రామములలో పాలీవాలులను బ్రాహ్మణ కర్షకులు రాతినేలపై జారిపోవు వాననీటిని పల్లమున మట్టికట్టతో నాపి, ఆ నీరు ఇంకిన చెమ్మలో చలికాలపు పైరు పండించిరి. ఆ పద్ధతికి ఖడీను అని పేరు. ఇండ్లలో భూమిక్రింద తొట్లు కట్టి వాననీటిని దాచిరి. ఆకాశ మిచ్చినది గిన్నెడే కాని, వారు ఒక్క చుక్కయు ఒలుకనీయలేదు.

ఇక మన జైనూరు మాట. మన సీమయందు ఏడాదికి కురియు వాన వేయి మిల్లీమీటర్లకు పైబడినది. అనగా జైసల్మేరునకు ఐదింతలు. అట్లయ్యును వైశాఖమాసమున మన గూడెముల స్త్రీలు బిందెలు నెత్తిన బెట్టుకొని వాగుల వెంట చెలిమెలు వెదకుకొనుచు పోవుటను నేను కన్నులార చూచితిని. ఐదింతల వాన కురియుచోట దప్పిక ఏల? దోషము ఆకాశమునదా, మనదా? నేటి విచారణకు ఈ ప్రశ్నయే మూలము.

మొదట భూమి స్వభావమును చూతము. జైనూరు 19వ అక్షాంశరేఖకు కొంచెము ఉత్తరముగా, ఉట్నూరు గుట్టల ప్రాంతమున నున్నది. ఒకవైపు ఉట్నూరు, వేరొకవైపు సిర్పూరు (యు), కెరమెరి, ఆ దిగువను ఆసిఫాబాదు. ఈ సీమ వేయి యడుగులకు పైబడిన ఎత్తున నున్న మెరక. సముద్రము సుమారు నాలుగువందల కిలోమీటర్ల దూరమున నున్నది. సముద్రమునకు దగ్గరనున్న ఊళ్లకు ఆ నీటి చెమ్మ వేసవిని విసనకఱ్ఱ, చలికాలమున దుప్పటి. మచిలీపట్టణము వానికి మన చలియు తెలియదు, మన పొడియెండయు తెలియదు. మనకు ఆ యుపకారము లేదు.

చలి ఎట్లు కలుగునో చెప్పెదను. పగలు సూర్యునివలన వేడెక్కిన భూమి రాత్రి ఆ వేడిని ఆకాశమునకు విడిచిపెట్టును. గాలిలో చెమ్మయు, పైన మబ్బును ఉన్నచో అవి గొంగడివలె కప్పి ఆ వేడిని పోనీయవు. మార్గశిర పుష్య మాసములలో మన ఆకాశము నిర్మలముగా నుండును. ఉత్తరదిక్కునుండి పొడిగాలి వీచును. గొంగడి లేని భూమి రాత్రియంతయు తన వేడిని కోల్పోవుచునే యుండును. అందుచేత సిర్పూరు (యు), తిర్యాణి, జైనూరు ప్రాంతములలో కొన్ని రాత్రులు ఉష్ణమానము 5 డిగ్రీలకంటె దిగువకు పోవుచున్నది. తెలంగాణమున మిక్కిలి చలిగల ఊళ్లను పత్రికలు పేర్కొనునపుడు ఈ పేర్లు తరచుగా కనబడును. ఇందొక విశేష మున్నది. చల్లనిగాలి బరువైనది. అది నీటివలెనే వాలు వెంట దిగి లోయలో నిలుచును. కావుననే గుట్టమీది గూడెమునకంటె గుట్టక్రింది చేనియందు చలి యెక్కువ. గుట్టవాలులందు ఇండ్లు కట్టుకొను కోలాములకు ఈ సంగతి ఏ పుస్తకమును చెప్పలేదు, తాతలే చెప్పిరి.

వేసవి మాట వినుడు. ఫాల్గుణము గడచునప్పటికి మన టేకు చెట్లు ఆకు రాల్చును. ఎండ ముదురునపుడే నీడ తొలగును. నల్లరేగడి నేల సూర్యరశ్మిని ఎక్కువగా పీల్చుకొనును. పైరు లేదు, చెమ్మ లేదు, వేడిని తగ్గించునది లేదు. దీనికి తోడు వాయవ్యదిక్కునుండి, అనగా జైసల్మేరు ఎడారి వైపునుండియే, పొడి వడగాలి మధ్యదేశము మీదుగా మనదాక వచ్చును. అందుచేత వైశాఖ జ్యేష్ఠములలో ఉష్ణమానము 45 డిగ్రీలను దాటు దినము లుండును. ఎడారికిని మనకును చుట్టరికము ఈ గాలియే. ఇప్పచెట్టు చైత్రమున పూత రాల్చును, తునికి చిగురించును, మోదుగ అంతకు ముందే ఎఱ్ఱబారును. అడవియంతయు ఎండినట్లు కనబడు ఆ దినములలోనే గూడెములకు ఆహారమును, కూలియు ఇచ్చునవి ఈ చెట్లు.

తరువాత వాన. మృగశిరకార్తె ప్రవేశించిన పిదప నైరృతి ఋతుపవనము వచ్చును. ఏడాది వానలో నూటికి ఎనుబది పాళ్లకు పైగా జూను మొదలు సెప్టెంబరు వరకు గల నాలుగు మాసములలోనే కురియును. బంగాళాఖాతమున పుట్టిన వాయుగుండములు వాయవ్యముగా కదలి మన గుట్టలమీదికి వచ్చినపుడు ఒక్క రాత్రిలో వాగులు పొంగి గూడెమునకు గూడెమునకు రాకపోక లుండవు. మన నీరు ఒకవైపు కడెము వాగున బడి, కుంతాల యొద్ద సుమారు 45 మీటర్ల యెత్తునుండి దుమికి, గోదావరిని చేరును. మరియొకవైపు పెద్దవాగున బడి ప్రాణహితను చేరును. ఈ వాగుల పొంగు సామాన్యమైనది గాదు. 1958లో వచ్చిన వరదకు నిర్మాణములో నున్న కడెము ఆనకట్ట దెబ్బతినెను. 2022 జూలైలో మరల ఆ జలాశయము పొంగి కట్టమీదుగా పొర్లునంతటి ప్రమాదము వచ్చెను. అట్టి వాగులే చైత్రమున ఇసుకయు, రాళ్లును మాత్రమై యుండును.

ఏల? మన గుట్టల రాయి పూర్వయుగమున అగ్నిపర్వతములు కక్కిన ద్రవము ఘనీభవించిన నల్లరాయి. దానిలో నీరు ప్రవేశింపదగిన సందులు తక్కువ. గుట్టలమీద మట్టిపొర పలుచన. ఆ పొరను పట్టియుంచునవి చెట్ల వేళ్లు. రాలిన ఆకు క్రుళ్లి మెత్తని పరుపై, పడిన వానను పీల్చుకొని మెల్లమెల్లగా క్రిందికి విడుచును. అట్లు విడిచిన నీరే ఊటలై, చెలిమెలై వేసవిలో మనకు కనబడును. చెట్టు పోయినచో పరుపు పోవును, పరుపు పోయినచో మట్టి పోవును, మట్టి పోయినచో వాన మీద పడియు పడనట్లే. అప్పుడు శ్రావణమున వరదయు, వైశాఖమున దప్పికయు ఒక్క కారణమునుండియే పుట్టును.

ఇచ్చట నా తప్పు నొకదానిని మీ ముందు చెప్పుకొనవలసియున్నది. నేను ఉద్యోగములో నున్న కాలమున ఈ గుట్టలలోని యొక పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడనై కొన్నియేండ్లు పనిచేసితిని. బడి వెనుక చిన్న ఊట యుండెను. దానిపై రెండు పెద్ద మద్దిచెట్లు. పిల్లలకు ఆటస్థలము చాలదని ఆ చెట్లను కొట్టించుటకు నేను సమ్మతించితిని. గూడెపు పెద్ద యొకడు వచ్చి, "సారూ, ఆ చెట్లు నీళ్లను పట్టుకొని కూర్చున్నాయి, లేపకు" అని చెప్పెను. వ్యాకరణము, భూగోళము చదివిన నేను ఆయన మాటను నవ్వి విడిచితిని. నాలుగు వేసవులు గడచునప్పటికి ఆ ఊట ఫాల్గుణములోనే ఎండుటకు మొదలిడెను. సమీపమున గొట్టపుబావి కూడ పడినది గనుక చెట్లు పోవుటయే ఏకైక కారణమని నేను ప్రమాణము చేయజాలను. కాని ఆ పెద్ద చెప్పినదానిలో శాస్త్రమున్నదనియు, నా నవ్వులో లేదనియు మాత్రము తెలిసికొంటిని. పిల్లలు ఇంటినుండి సీసాలలో నీరు తెచ్చుకొనుట చూచినప్పుడెల్ల నాకు తలవంపుగా నుండెడిది.

ఇప్పుడు చరిత్రము. చరిత్ర మనగానే కోటలు, తామ్రశాసనములు వెదకుట మనకు అలవాటు. ఈ సీమ చరిత్రము చాలవరకు మనుష్యుల కంఠమునం దున్నది. ఇచ్చటి గోండులు తమ్ము తాము కోయితూరులని చెప్పుకొందురు. వారి వంశకథలను పరంపరగా గానము చేయువారు పర్ధానులు. కిక్రి యను తంత్రీవాద్యమును వాయించుచు, ఏ గోత్రమువారు ఎచ్చటనుండి వచ్చిరో, ఏ దేవుని ఎట్లు కొలుతురో రాత్రులు రాత్రులు పాడుదురు. మన పౌరాణికులకు తాటాకు గ్రంథ మున్నది, వారికి స్మృతియే గ్రంథము. అయినను వ్రాత లేదనుట సరిగాదు. నార్నూరు మండలములోని గుంజాల గ్రామమున గోండీభాషకు ప్రత్యేకమైన లిపిలో వ్రాసిన ప్రతులు దొరకినవి. ఆచార్య జయధీర్ తిరుమలరావుగారు మొదలగు పండితులు వాటిని లోకమునకు తెలియజేసిరి. 2018లో ఆ లిపికి యూనికోడు అను ప్రపంచ లిపిపట్టికయందు స్థానము లభించెను. గూడెములో దాగిన అక్షరము నేడు యంత్రముమీదను వ్రాయవచ్చును.

రాజ్యముల విషయమున, మన ఉత్తరమున చందా అను గోండు రాజ్యము, అనగా నేటి చంద్రాపురము, అనేక శతాబ్దములు వెలసెను. దాని తొలిరాజధాని కాగజ్‌నగరు దాపుననున్న సిర్పూరు (టి) అని ఐతిహ్యము. ఇది మన పొరుగుననున్న సిర్పూరు (యు) కాదని గమనింపుడు. ఉట్నూరునందు కోట యున్నది. మాణిక్యగఢము ఉత్తరపు గుట్టలలో నున్నది. 1751లో నాగపురపు భోంసలేలు చందా రాజ్యమును వశము చేసికొనిరి. పిదప మన సీమ నిజాము ప్రభుత్వమున చేరెను. ప్రభువులు మారినను గుట్టలలోని గోండు రాజులు, మొకాసీలు, గ్రామ పట్లాలు చాలకాలము తమ తావుల పెద్దరికమును నిలుపుకొనిరి.

గూడెములను కదిలించినది రాజుల మార్పు గాదు, భూమి లెక్క. టేకునకు వెలవచ్చిన పిదప అడవులను రక్షితారణ్యములుగా గుర్తించి గీతలు గీసిరి. గోండులు, కోలాములు కొంతకాలము దున్ని, కొంతకాలము బీడుపెట్టి, మరల దున్నుకొను అలవాటుగలవారు. బీడుపెట్టిన నేల కాగితములో అడవి యయ్యెను. 1920ల దశకము చివర కాజీపేట బల్లార్షా రైలుమార్గము పూర్తియైనది. దానివెంట వర్తకులు, భూమికై వచ్చు రైతులు, వడ్డీవ్యాపారులు వచ్చిరి. పట్టాయన నేమో తెలియనివాని చేను, పట్టా తెలిసినవాని పేరున చేరెను. తాత నాటినుండి దున్నుచున్న చేనిలో మనుమడు కూలివాడయ్యెను.

ఈ బాధకు ఎదురు నిలిచినవాడు కొమరం భీము. మన పొరుగుననున్న కెరమెరి గుట్టలలోని జోడేఘాటు, బాబేఝరి మొదలగు గూడెములవారిని కూడదీసి, తాము నరికి దున్నిన భూమి తమకే యుండవలెననెను. అధికారులతో మాటలు తెగిపోగా 1940లో జోడేఘాటు యొద్ద నిజాము పోలీసులతో జరిగిన పోరులో ఆయన అనుచరులతో సహా నేలకొరిగెను. నీరు, అడవి, భూమి అను మూడుమాటలు నేటికిని ఆయన పేరితో కలిసియున్నవి. ఈ మూడింటిని వేరుచేయరాదని మన భూగోళమును చూచినను తెలియుచున్నది గదా! 2016 అక్టోబరు 11న ఏర్పడిన క్రొత్త జిల్లాకు ఆయన పేరు పెట్టిరి. జైనూరు ఆ కొమరం భీము ఆసిఫాబాదు జిల్లాలోనిదే.

జోడేఘాటు సంఘటనము నిజాము ప్రభుత్వమును ఆలోచింపజేసెను. గోండుల స్థితిని పరిశీలించుటకు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని నియోగించిరి. ఆయన 1909లో వియన్నా నగరమున పుట్టెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున శత్రుదేశపు కాగితము గలవాడగుటచే హైదరాబాదు రాజ్యమును దాటిపోరాదని నిర్బంధ ముండెను. ఆ నిర్బంధమే మనకు మేలయ్యెను. ఆయనయు, భార్యయగు బెట్టీ ఎలిజబెత్తును జైనూరు ప్రక్కనున్న మార్లవాయి గ్రామమున గుడిసె వేసికొని నివసించిరి. 1943లో మార్లవాయియందు గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణకేంద్రము వెలసెను. గోండీభాషలో వాచకములు సిద్ధమైనవి. తన భాషలో తనవాడే చదువు చెప్పుట ఈ గుట్టలలో అదియే మొదలు. ఉపాధ్యాయుడనై నేను ఆ గ్రామమునకు పోయినపుడెల్ల చెప్పులు విడిచి నడచితిని.

భూముల కొలత జరిగి వేలాది కుటుంబములకు పట్టాలు వచ్చినవి. 1946లో, ఫసలీ లెక్కను 1356లో, గిరిజన ప్రాంతముల నిబంధనము వెలువడెను. పిదప 1959 నాటి భూబదలాయింపు నిబంధనమును 1963లో తెలంగాణమునకు వర్తింపజేసిరి. దానిని గట్టిపరచుచు 1970లో వచ్చినదే "ఒకటి బై డెబ్బది" అని మీరందరు వినియున్న చట్టము. షెడ్యూల్డు ప్రాంతములోని భూమి గిరిజనేతరుల చేతికి పోరాదని దాని సారము. అయినను చట్టము వ్రాయుట ఒకటి, నడపుట ఒకటి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లియందు తమ భూముల కష్టము చెప్పుకొనుటకు కూడిన గిరిజనులపై పోలీసులు కాల్పులు జరిపిరి, పలువురు మృతినొందిరి. వారి స్మృతికై అచ్చట స్తూప మున్నది. 2006లో అటవీహక్కుల చట్టము వచ్చెను. కాగితములు ఇన్ని వచ్చినను, చేనికిని అడవికిని నడుమ గీత ఎచ్చట నన్న వాదము గూడెములలో పూర్తిగా సమసిపోలేదు.

బెట్టీ 1987లోను, హైమెన్‌డార్ఫు 1995లోను మృతినొందిరి. వారి సమాధులు మార్లవాయిలో నున్నవి. ఏటేట జనవరి మాసమున గ్రామస్థులు వారిని తలచుకొందురు. అదే మార్లవాయి గ్రామమున పుట్టిన కనక రాజుగారు గుస్సాడీ నృత్యమును దేశమునకంతకు చూపి 2021లో పద్మశ్రీ బిరుదమందిరి. 2024లో ఆయన కీర్తిశేషులైరి.

గుస్సాడీ మాట వచ్చినది గనుక, ఈ ప్రజలు ఋతువులతో ఎట్లు కలిసి బ్రదికిరో చూడుడు. వానల కాలమున ఎడ్లను పూజించు పొలాల అమావాస్య. వానలు తగ్గి, పైరు నిలిచి, వాగులు దాటుటకు వీలైన ఆశ్వయుజ మాసమున దండారి. నెమలి యీకల కిరీటములు ధరించి గూడెమునుండి గూడెమునకు నడచి, చుట్టరికములు కలుపుకొని, దీపావళితో ముగింతురు. చలి గట్టిగా నుండు పుష్యమాసపు అమావాస్యకు కేస్లాపురమున నాగోబా జాతర. దానికి ముందు మెస్రం వంశీయులు కాలినడకను జన్నారము మండలమునగల హస్తినమడుగునకు పోయి, గోదావరీజలము కలశములలో నింపుకొని, నడచియే మరలివత్తురు. ఆ నీటితోనే దేవునికి అభిషేకము. ఆలోచింపుడు: వేయి మిల్లీమీటర్ల వాన కురియు సీమలో నున్నవారు ఒక్క కలశపు నీటికై అంతదూరము నడచి, త్రోవలో దానిని నేలపై దింపక కాపాడుకొని తెచ్చుచున్నారు. నీటియెడల నుండవలసిన భక్తి యిది. జైసల్మేరువాడు అవసరముచేత నేర్చినదానిని వీరు ఆచారముచేత నిలుపుకొనిరి. ఆ జాతరలోనే హైమెన్‌డార్ఫు కాలమునుండి దర్బారు జరుగుచున్నది. అధికారులు వచ్చి గిరిజనుల మొర వినవలెనని దాని యుద్దేశము.

ఇక మొదటి ప్రశ్నకు మరలుదము. దోషము ఆకాశమునదా, మనదా? ఆకాశము తన వంతు ఇచ్చుచునే యున్నది. చలికి, ఎండకు భూమి యునికి కారణము. వాటిని మనము మార్పజాలము. కాని వానకును వేసవికిని నడుమ నీటిని దాచి యుంచునది అడవియు, మట్టియు, మనుష్యుని శ్రద్ధయు. ఆ మూటిలో ఏది తగ్గినను ఐదింతల వానయు ఎడారి వానతో సమానమగును. అడవి దగ్గర బ్రదుకువానికి భూమిహక్కు లేనిచో అతడు ఆ చెట్టును రేపటికై నిలుపుమని మనము చెప్పుట న్యాయము గాదు. తన చేను తనదని నిశ్చయమైనవాడే గట్టు వేయును, కట్ట పోయును, ఊటచుట్టు చెట్టు పెట్టును. కావున నీటి ప్రశ్నయు, న్యాయప్రశ్నయు వేరుగావు. చరిత్రమును, శీతోష్ణస్థితిని ఒకే ప్రసంగమున చెప్పుటకు కారణ మిదియే.

గ్రామములయందలి పెద్దలకు నా మనవి రెండే మాటలు. మీ ఊరి చుట్టు మీ బాల్యమున నీరూరిన చెలిమెలెన్ని, ఊటలెన్ని, ఏ కుంట ఏ మాసము దాక నిలిచెడిదో మీకు తెలియును. మీ మనుమలకు తెలియదు. మీరు చదువు వచ్చినవారు. ఒక నోటుపుస్తకము తీసి వాటి పేర్లు, తావులు, వాటి ప్రక్కనున్న చెట్ల పేర్లు వ్రాసి పెట్టుడు. వ్రాయుట కష్టమైనచో మనుమని కూర్చుండబెట్టి చెప్పి వ్రాయింపుడు. ఆ పుస్తకము ఊరికి పట్టా వంటిది. రెండవది, ఆ పట్టికలో ఎండిపోయినదానిని ఒక్కదానినైన ఏటికొకటి చొప్పున పూడిక తీయించి, దానిపై రెండు మొక్కలు నాటింపుడు. మద్దియైన మేలు, నేరేడైన మేలు.

నేను పదవీవిరమణ చేసిన పిదప ఆ పాఠశాలకు పోయి, ఊట యుండినచోట రెండు మద్దిమొక్కలు నాటి వచ్చితిని. నన్ను మందలించిన ఆ పెద్ద అప్పటికే గతించెను. ఆయన మనుమరాలు ఆ బడిలోనే చదువుచుండెను. మొక్కలకు నీరుపోయు భారము తాను తీసికొనెదనని చెప్పెను. నిరుడు వేసవిలో మరల పోయి చూచితిని. మొక్కలు నా భుజము ఎత్తున నున్నవి. ఊట యింకను రాలేదు. చెట్టు నీటిని పట్టుకొని కూర్చుండుటకు కొన్నియేండ్లు పట్టును. ఆ పిల్ల వేచియుండగలదు. ఆమె వయస్సు పండ్రెండేండ్లు.

స్వస్తి.